పొందూరులో కిటికీ గుడ్డ కోసం మూడు రోజులు

విజయవాడలో ఫ్లాట్ కొన్నాక హాలు కిటికీకి కర్టెన్లు చూడమంటే, ఇంటీరియర్ పని చేసే అబ్బాయి ఫోన్‌లో కొన్ని గుడ్డలు చూపించాడు. పాలిస్టర్ మీద జామ్దానీ బుటాలు ప్రింటు చేసినవి. అసలు జామ్దానీ అంటే నేస్తూ నేస్తూ చేత్తో పూలు వేసే పని. దూరం నుంచి బాగానే ఉన్నాయి. పక్కనే ఉన్న మా వదిన, "ఇల్లంతా ప్రింటు వేసే డబ్బుతో ఒక్క కిటికీకి నేసిన గుడ్డ వేసుకో, చాలు" అంది. వదిన ఇరవై ఏళ్ళుగా ఇంట్లో మిషన్ కుడుతోంది. గుడ్డ విషయంలో ఆమె మాట నేను కాదనను. జనవరి చివర్లో ఇద్దరం మూడు రోజులకని శ్రీకాకుళం జిల్లా పొందూరుకి బయల్దేరాం. నోటుబుక్కులో కొలతలు రాసుకున్నాం: తూర్పు కిటికీ నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు. పూజగది గుమ్మానికి ఒక తోరణం. వీలైతే సోఫా మీదికి నాలుగు కుషన్ కవర్లు.

కాకినాడ దగ్గరి ఉప్పాడ మాకు దగ్గర కదా, పొందూరు దాకా ఎందుకని ఇంట్లో అడిగారు. ఉప్పాడ జామ్దానీ గొప్పదే, 2009లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. కానీ అక్కడ పని ఎక్కువగా చీరల మీద ఉంటుంది. మాకు కావలసింది అద్దకం లేని తెల్లటి సన్న నూలు గుడ్డ. పైగా చేనేత వేరు, ఖాదీ వేరు. మగ్గం మీద చేత్తో నేస్తే చేనేత, నూలు మిల్లుది అయినా సరే. నూలు కూడా చేత్తో వడికితేనే ఖాదీ. చేత్తో వడికిన సన్న నూలు మీద చేత్తో పూలు వేసిన గుడ్డ కావాలంటే నాకు తెలిసిన ఊరు పొందూరే.

మొదటి రాత్రి విజయనగరంలో దిగాం. స్టేషన్‌కి దగ్గర్లోని ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, బాత్రూంలో వేడినీళ్ళు వచ్చాయి, అర్ధరాత్రి వచ్చినా రిసెప్షన్ కుర్రాడు విసుక్కోలేదు. రైళ్ళ చప్పుడు మాత్రం తెల్లవార్లూ ఉంది. నిద్ర తేలిక అయినవాళ్ళు గంటస్తంభం వైపు చూసుకుంటే మేలు. పొద్దున్నే కోట దాకా నడిచి, 1713లో కట్టిన ఆ గోడను బయటి నుంచే చూసి, ఇడ్లీ తిని స్టేషన్‌కి వచ్చేశాం.

పొందూరుకి పాసింజరు రైలే సుఖం. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం దాటితే పొందూరు. ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు ఆగవు కాబట్టి టైము ముందే చూసుకోవాలి. స్టేషన్ నుంచి ఊళ్ళోకి ఆటో. రోడ్డు మీద వచ్చేవాళ్ళు హైవే మీద చిలకపాలెం దగ్గర లోపలికి తిరిగితే సరిపోతుంది.

ఊళ్ళో మేం ముందు వెళ్ళింది కొట్టుకి కాదు. దారి అడిగితే ఒకావిడ తన పెరటి అరుగు మీదికే తీసుకెళ్ళింది. అక్కడ ఇద్దరు మామ్మలు, ఒక నడివయసు ఆవిడ పత్తి పని చేస్తున్నారు. నేను పేపర్లలో చదివిన వాలుగ చేప దవడ అక్కడ మొదటిసారి చేత్తో పట్టుకున్నాను. అరచేతిలో పట్టేంత ఎముక. అంచు పొడుగునా పళ్ళు ఎంత సన్నగా, ఎంత దగ్గరగా ఉన్నాయంటే వేలితో రాస్తే బిరుసు బ్రష్షులా తగులుతాయి. గింజ తీయకముందే పత్తిని ఆ పళ్ళతో దువ్వుతారు. నలుసులు, పొట్టి పీచు పోయి, పొడుగు పీచంతా ఒకే వైపు సర్దుకుంటుంది. తర్వాత చిన్న చెక్క మీద పెట్టి ఇనప కడ్డీతో దొర్లిస్తే గింజ ముందుకు జారి దూది వెనక మిగులుతుంది. ఆ దూదిని పొంగించి, వడకడానికి వత్తుల్లా ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో పెడతారు. దొప్ప లోపలి వైపు నున్నగా ఉంటుంది కాబట్టి పీచు అంటుకోదు, చెమట చేతులు ఏకుకి తగలవు.

వడికే మామ్మ రాట్నానికి చక్రం పెద్దది, కదురు ఒక్కటే. ఒక చేత్తో చక్రం తిప్పుతూ, రెండో చేత్తో ఏకుని వెనక్కి లాగుతోంది. దారం వస్తోందని తెలుస్తోంది గానీ వెలుతురు పడ్డప్పుడు తప్ప కనబడటం లేదు. నూరు కౌంటు నూలంటే ఏమిటో అక్కడ అర్థమైంది. కౌంటు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. మామూలు ఖాదీ చొక్కా గుడ్డ నూలు దీని పక్కన పెడితే తాడులా ఉంటుంది. నన్ను ప్రయత్నించమన్నారు. మూడుసార్లు తెంపాను. "గట్టిగా లాగితే తెగిపోద్దమ్మా, బెదిరిపోయి మెల్లగా లాగితే లావైపోద్ది" అంది మామ్మ. ఆమె కోడలు ఈ పని నేర్చుకోలేదట. రోజంతా కూర్చుంటే వచ్చే కూలి ఎంతో చెప్పినప్పుడు వదిన, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఎవరితోనూ మేం బేరం ఆడలేదు. ఎవరు వెళ్ళినా ముందు ఈ అరుగు మీద అరగంట కూర్చుని, తర్వాతే కొట్టుకి వెళ్ళమని చెబుతాను. ధర ఎందుకంత అనే ప్రశ్న ఇంక రాదు.

నేత పని చూపించిన ఇల్లు నాలుగు వీధుల అవతల. గుంట మగ్గం. నేతగాడు గుంటలో కాళ్ళు పెట్టుకుని తొక్కుళ్ళు తొక్కుతున్నాడు. నేల దగ్గర తడి ఉంటుంది కాబట్టి ఇంత సన్న పడుగు, అంటే మగ్గం మీది నిలువు దారాలు, ఎండి తెగకుండా ఉంటుందని చెప్పాడు. ఆరోజు మగ్గం మీద ఉన్నది పంచె అంచుకి జామ్దానీ పని. అడ్డ దారాన్ని మోసే నాడె ఒకసారి అటూ ఇటూ వెళ్ళాక ఆగి, పూల దారం చుట్టిన చిన్న చిన్న కండెలను ఒక్కొక్కటే పడుగు పోగుల మధ్య నుంచి దూర్చి, మళ్ళీ నాడె. పడుగు కింద కాగితం మీద పువ్వు గీసి ఉంది, దాన్ని చూస్తూ పోగులు లెక్కపెడతాడు. వేలెడంత పువ్వు పూర్తయ్యేసరికి మేం రెండుసార్లు టీ తాగాం.

వదిన నేరుగా అసలు విషయం అడిగింది: "కిటికీకి వేసుకుంటే బాగుంటుందా? ఇంత తెలుపు మీద తెల్ల పువ్వు కనబడుతుందా?" ఆయన నవ్వి, చాప మీద పరిచి ఉన్న ముక్క తీసి ఆమె చేతికిచ్చాడు. "కింద పరిచి చూస్తే ఏటి కనబడతాదమ్మా? ఎత్తి ఎండకి పట్టండి." పట్టింది. చాప మీద ఉన్నప్పుడు దాదాపు సాదాగా ఉన్న గుడ్డ గుమ్మం వెలుగులో మారిపోయింది. సన్నటి నేత అంతా వెలుగు నిండి, పువ్వు ఉన్నచోట దారాలు ఎక్కువ కాబట్టి అక్కడ మాత్రం వెలుగు ఆగి, నీడతో గీసినట్టు బుటాలు తేలాయి. నేను అప్పటిదాకా ఈ గుడ్డను టేబుల్ మీద, దిండు మీద, ఫ్రేములో ఊహించుకున్నాను. అన్నీ వెలుగు ముందు నుంచి పడే చోట్లే. జామ్దానీకి వెలుగు వెనక ఉండాలి. కుషన్ కవర్ల లైను అక్కడికక్కడే కొట్టేశాను. వీపు రాసుకునే చోట ఇంత సన్న నూలు నిలవదు కూడా. వాటికి లావు నూలు ఖాదీ, లేదా ముదురు రంగు గళ్ళ గుడ్డ మేలు.

కొనడం ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘంలో. 1949లో పెట్టిన సంఘం ఇది. వడికేవాళ్ళకి పత్తి ఇచ్చి నూలు తీసుకోవడం, నేతకి ఇవ్వడం, అమ్మడం అన్నీ ఒకే చోట. అమ్మకం గదిలో కూర్చున్న పెద్దాయన తొందరపెట్టలేదు. పది తాన్లు దించి, ఒక్కొక్కదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసుకోనిచ్చాడు. బిల్లు ఇచ్చారు. నచ్చని విషయం ఒక్కటే: జామ్దానీ పంచెలు ఉన్నాయి గానీ, ఇంటికి వాడే కొలతల్లో ఏమీ లేవు. అందుకని ఒక పంచె గుడ్డే తీసుకున్నాం. పన్నా (గుడ్డ వెడల్పు) దాదాపు యాభై అంగుళాలు, మా నాలుగడుగుల కిటికీకి సరిగ్గా సరిపోయింది. తోరణానికి మాత్రం సన్న జామ్దానీ అంచు నాలుగడుగులు విడిగా కావాలని నేతగాడికే చెప్పాం, ఆయన ఆరు వారాలు అడిగాడు.

రాత్రికి శ్రీకాకుళం చేరాం. బస్ కాంప్లెక్స్ దగ్గరి లాడ్జిలో దిగడం మా పొరపాటు. గదికి తీసుకున్నది విజయనగరం కంటే ఎక్కువ, ఏసీ సగం రాత్రి ఆగింది, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మర్నాడు డే అండ్ నైట్ జంక్షన్ వైపు మారాం, అక్కడ గది చిన్నదైనా ప్రశాంతంగా ఉంది. అదే వీధిలో ఒక మెస్సులో పెట్టిన వంకాయ కూర, చారు మా ఇద్దరికీ ఈ మూడు రోజుల్లో బాగా నచ్చిన భోజనం.

రెండో రోజు జరిగింది చెప్పాలి, ఎందుకంటే చాలామందికి ఇదే జరుగుతుంది. దారిలో ఒక పట్టణంలో పెద్ద బట్టల దుకాణంలో "పొందూరు జామ్దానీ కర్టెన్ క్లాత్" అని చూపించారు. తెలుపు మీద ఆకుపచ్చ బుటా, ధర మేం ఇచ్చినదాంట్లో ఐదో వంతు. నేను మెత్తబడ్డాను. వదిన గుడ్డ వెనక్కి తిప్పింది. బుటాకీ బుటాకీ మధ్య దారాలు వేలాడుతున్నాయి, కొన్నిచోట్ల కత్తిరించిన కొసలు బొచ్చులా ఉన్నాయి. అది జాకార్డు, అంటే పువ్వు చేత్తో కాక మగ్గానికి బిగించిన యంత్రంతో వేసినది. తప్పు గుడ్డ అని కాదు, దాని ధరకి అది సరైనదే. కానీ జామ్దానీలో పూల దారం పువ్వు ఉన్నంత మేరే తిరుగుతుంది, పక్క పువ్వు దాకా పాకదు, అందుకే వెనక కూడా దాదాపు ముందులాగే ఉంటుంది. జాకార్డుని వెలుగుకి పట్టి చూస్తే వెనక దారాలన్నీ గీతల్లా కనబడతాయి. కిటికీకి పనికిరానిది అందుకే. ఈ మాట చెబితే సేల్స్‌మన్ "మీకు తెలిస్తే ఇంకెందుకండీ అడగడం" అన్నాడు. ఆ దురుసుతనం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. పేరు పొందూరుది, డబ్బు మాత్రం ఆ మామ్మకి చేరదు.

అరసవల్లి దర్శనం పొద్దున్నే అరగంటలో అయిపోయింది. శ్రీకూర్మానికి ఆటో మాట్లాడుకున్నాం, పోనూ రానూ వెయిటింగుతో కలిపి ముందే రేటు చెప్పాడు, అంతే తీసుకున్నాడు. గుడి మండపంలో నల్లరాతి స్తంభాల చెక్కడం, గోడల మీద పాత రంగుల బొమ్మలు చూస్తూ వదిన ఒక లతను నోటుబుక్కులో గీసుకుంది. ఆ లతే మా తోరణానికి వేయమని మర్నాడు మళ్ళీ పొందూరు వెళ్ళి నేతగాడికి ఇచ్చాం. ఆయన దాన్ని చూసి, వంపులు తగ్గించి, మెట్లు మెట్లుగా తిరగ గీశాడు. పడుగూ పేకా నిలువూ అడ్డమే కాబట్టి గుండ్రటి వంపు గుడ్డ మీద మెట్లుగానే వస్తుందట.

మూడు రోజుల్లో ఏది తగ్గించుకోవచ్చంటే శ్రీకాకుళంలో ఒక రాత్రి. పొందూరుకి మాత్రం రెండు విడతలు పెట్టుకోండి, ఒకటి చూడటానికి, ఒకటి కొనడానికి. పండగ రోజుల్లో, ఆదివారాల్లో వెళ్ళకండి, మగ్గాలు ఆగి ఉంటే ఊళ్ళో చూడటానికి ఏమీ ఉండదు.

ఇంటికొచ్చాక వదిన చెప్పిన ప్రకారం చేశాం. కుట్టకముందు ఒక రాత్రంతా మామూలు నీళ్ళలో నానబెట్టి, గంజి వదిలించి, నీడలో ఆరేశాం. మామూలు కర్టెన్‌కి కుచ్చుల కోసం రెట్టింపు గుడ్డ తీసుకుంటారు. దీనికి కుచ్చులొద్దు, కుచ్చుల్లో బుటాలు మునిగిపోతాయి. ఒకే పన్నా చదునుగా వేలాడాలి. రెండు పక్కలా అంచు నేతలోనే ఉంది కాబట్టి అక్కడ సూది పెట్టలేదు. పైన మాత్రం రాడ్ దూరేలా గొట్టంలా మడిచి చేత్తో కుట్టింది. స్టీలు రింగులు కొట్టించవద్దంది, బరువుకి ఆ కన్నాల దగ్గరే చిరుగుతుందని. తూర్పు కిటికీ కాబట్టి పొద్దుటి ఎండ చాలు. పడమటి ఎండ రోజూ పడితే నూలు పెళుసెక్కుతుంది.

నీళ్ళలో ఎంత కుదించుకుంటుందో ముందే లెక్క వేశాం గానీ, రెండంగుళాలు ఎక్కువే కుదించుకుంది. కింద గోడకీ గుడ్డకీ మధ్య ఆ మేరకు ఖాళీ కనబడుతోంది. పంచెలో మిగిలిన ముక్కతో కింద పట్టీ వేద్దామని వదిన అంటే నేనే వద్దన్నాను, దాని మీద కుట్టు గీత వెలుగులో కనబడుతుంది. తోరణం పోయిన వారం పార్సిల్లో వచ్చింది. లతకి చివర్లో మేం గీయని ఒక మొగ్గ ఉంది. ఫోన్ చేసి అడిగితే, "నాలుగడుగులకి లత తక్కువైందమ్మా, మొగ్గ వేసి ముగించాను" అన్నాడు.