మిరప చేలో పెట్రోల్ ఇంజిన్ నీళ్ల పంపు: నాలుగు సీజన్ల తర్వాత

ఎంత నీరు తోడుతుంది, ఎంత పెట్రోలు తాగుతుంది అన్నవి డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. ఈ మూడంగుళాల పంపులో నాకు బాగా నచ్చింది ఇంజిన్ తల మీద ఉండే చిన్న రేకు మూత. నాలుగు బోల్టులు విప్పితే వాల్వులను నొక్కి తెరిచే రెండు రాకర్లూ బయటపడతాయి. ఒక స్పానర్, ఒక స్క్రూడ్రైవర్, సందు కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజ్ ఒకటి ఉంటే చేలోనే ట్యాపెట్లు, అంటే రాకర్‌కూ వాల్వు కాడకూ మధ్య సందు, సెట్ చేసుకోవచ్చు.

ప్రత్తిపాడు దగ్గర మా మిరపకు వాగు నీళ్లు తోడేది ఇదే. కొత్తలో ఒక్క లాగుకే స్టార్టయ్యేది, అడిగినవాళ్లకల్లా అదే చెప్పాను. మూడో సీజన్ నడుమ తేడా వచ్చింది. పొద్దున్నే మామూలుగా అందుకునేది. ట్యాంకు ఖాళీ అయ్యాక పెట్రోలు పోసి లాగితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. తాడులో బిగువే ఉండేది కాదు, ఊరికే వచ్చేసేది. అన్నం తిని వచ్చి లాగితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. చేను తడికి వచ్చి ఉంటే ఆ టెన్షన్ పడ్డవాడికే తెలుస్తుంది.

కొన్న షాపు మెకానిక్ ముందు ప్లగ్ మార్చాడు, తర్వాత కార్బొరేటర్ మార్చాడు. అదీ అయ్యాక పిస్టన్ రింగులు పోయాయని, సిలిండర్ లోపలి గోడ కోయించి బోరు చేయించాలని లెక్క రాసిచ్చాడు. ఆ కాగితంతో సహా పంపును విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాను. అక్కడి పెద్ద మేస్త్రీ ఇంజిన్‌ను కాసేపు నడిపి వేడెక్కించాడు. పిస్టన్‌ను పైకి తెచ్చి, ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పెట్టాడు. సైలెన్సర్ లోంచి బుస్సుమంది. "చల్లారితే బిగువు మళ్లీ వచ్చిద్ది బాబాయ్, ఇది రింగుల జబ్బు కాదు, ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోట్లేదు" అన్నాడు. అంటే పొగను బయటికి వదిలే వాల్వు. ఆ గాలి కార్బొరేటర్ వైపు వస్తే తప్పు ఇన్‌లెట్ వాల్వుదట, అంటే పెట్రోలూ గాలీ లోపలికి వచ్చేదానిది. ఆయిలు పోసే చోట గట్టిగా వస్తే అప్పుడు రింగులను అనుమానించాలట.

పూర్తిగా చల్లారాక మూత విప్పాడు. మా పంపు పుస్తకం ప్రకారం ఇన్‌లెట్ దగ్గర 0.15, ఎగ్జాస్ట్ దగ్గర 0.20 మిల్లీమీటర్ల సందు ఉండాలి. ఎగ్జాస్ట్ దగ్గర గేజ్‌లోని అన్నిటికన్నా పల్చటి రేకు కూడా దూరలేదు. వాల్వూ, మూసుకున్నప్పుడు అది ఆనే సీటూ అరిగేకొద్దీ వాల్వు లోపలికి దిగుతుంది, దాని కాడ రాకర్ వైపు పైకి వస్తుంది. అలా సందు పోతుంది. వేడికి కాడ ఇంకాస్త సాగేసరికి వాల్వు సీటు మీద ఆనదు, సిలిండర్లో నొక్కుకోవాల్సిన గాలి, అదే కంప్రెషన్, అంతా సైలెన్సర్ పాలు. దీనికి కొత్త కార్బొరేటర్ ఏం చేస్తుంది?

నట్టు వదులు చేసి, స్క్రూ తిప్పి, రేకు కొద్దిగా పట్టి జారేలా పెట్టి బిగించాడు. పావుగంట పని. వాల్వులు సిలిండర్ పక్కన ఉండే మా పాత సైడ్ వాల్వు ఇంజిన్‌కైతే ఈ స్క్రూనే లేదు. సందు పోతే వాల్వు బయటికి తీసి కాడ కొన అరగదీయాల్సిందే. ఈ మూత మీద నా ప్రేమంతా అందుకే.

అప్పటినుంచి నేనే చూసుకుంటున్నాను. అయితే ఈ సీజన్లో సందు మునుపటికన్నా త్వరగా తగ్గుతోంది, అంటే సీటు అరుగుతూనే ఉంది. స్క్రూ తిప్పడంతో ఇక ఎన్నాళ్లో సాగదు. కోతలయ్యాక హెడ్ దింపి, గరుకు పేస్టుతో వాల్వును సీటు మీద రుద్దించాలి. సీటు మరీ దెబ్బతిని ఉంటే ఖర్చు ఇంకా పెరుగుతుంది.

నాలా శీతాకాలంలో రోజుకు కొన్ని గంటలు తోడుకునేవాళ్లకు ఈ పంపు పర్వాలేదు, మళ్లీ కొనమన్నా బహుశా ఇదే కొంటాను. రేపల్లె వైపు చెరువులకు రాత్రింబగళ్లు నడపాలంటే మాత్రం డీజిలే చూసుకోండి. కొనేముందు ట్యాపెట్ మూత గ్యాస్కెట్, ఎగ్జాస్ట్ వాల్వు షాపులో ఉన్నాయేమో అడగండి. నాకు గుంటూరులో గ్యాస్కెట్ దొరక్క పాతదే జాగ్రత్తగా వాడుతున్నాను, అక్కడ కాస్త ఆయిలు చెమరుస్తోంది.