వాల్వ్ దాటిన చేప బతికిందా? తేల్చడానికి ఏ పరీక్ష మేలు?

ఆనకట్ట అడుగు తూము వాల్వ్ గుండా కొట్టుకుపోయిన చేప బతుకుతుందా లేదా తేల్చాలంటే నిజం చేపల్నే వదలాలా, చేప బదులు కొలతలు రాసుకునే పరికరాన్ని, అంటే సెన్సర్ చేపను వదలాలా, దిగువన వల కడితే సరిపోదా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నా జవాబు: చేపకైతే నిజం చేపే, ఒక షరతు మీద. గుడ్డుకైతే వలే, ఇంకో షరతు మీద.

ముందు నిజం చేప సంగతి. వీపు దగ్గర ముడుచుకుని ఉన్న చిన్న బెలూన్ తగిలిస్తారు, అందులో రసాయనం గుళిక ఉంటుంది. వదిలే ముందు సూదితో కాసిన్ని నీళ్లు ఎక్కిస్తారు. గుళిక కరిగి గ్యాస్ పుట్టడానికి కొద్ది నిమిషాలు పడుతుంది, అంతలో చేప వాల్వ్ దాటేసి ఉంటుంది. దిగువన నురగలో బెలూన్ ఉబ్బి పైకి తేలగానే పడవలో కాచుకున్నవాళ్లు జాలితో ఎత్తుతారు. కళ్లు బయటికి పొడుచుకొచ్చాయా, రెక్కల్లో గాలి బుడగలున్నాయా, మొప్ప మూత చిరిగిందా, పొలుసులు ఏ పక్క రాలాయి అని ఒక్కో చేపనూ తిప్పి చూసి, ట్యాంకులో వేసి 48 గంటలు కాపలా కాస్తారు. ఇంకొన్ని చేపలకూ ఇలాగే బెలూన్ తగిలించి, వాల్వ్ దాకా పోనివ్వకుండా దిగువనే వదిలి పడతారు. వాటిలో ఎన్ని చచ్చాయో తెలిస్తేనే మన చేతులు చంపినవెన్నో, వాల్వ్ చంపినవెన్నో విడదీయగలం.

ఇక షరతు. చాలా పరీక్షలు ఇక్కడే తప్పుతాయని నా అభిప్రాయం. అడుగు తూము 30 మీటర్ల లోతున ఉందనుకోండి. అక్కడ ప్రెజర్ పైనున్న గాలి ప్రెజర్‌కు నాలుగింతలు. ఆ లోతుకు అలవాటుపడిన చేప వాల్వ్ దాటి క్షణంలో బయటపడితే దాని కడుపులోని గాలితిత్తి నాలుగింతలు ఉబ్బాలి. ఉబ్బలేక పగులుతుంది. మరి పరీక్షకు తెచ్చిన చేప? ఒడ్డున ట్యాంకులో పెరిగింది. గొట్టంలో వేసి కిందికి నెడితే దాని తిత్తి కొన్ని సెకన్లు పావు వంతుకు నలిగి, బయటికి రాగానే మామూలు సైజుకు వచ్చేస్తుంది. హాయిగా ఈదుకుంటూ పోతుంది. మనం రిపోర్టులో వాల్వ్‌కు ఫస్ట్ క్లాస్ మార్కులు వేస్తాం!

అన్ని చేపలకూ ఇది ఒకేలా వర్తించదు. కార్ప్, ట్రౌట్, సాల్మన్ లాంటివి పైకొచ్చి గాలి మింగి తిత్తి నింపుకుంటాయి, ఎక్కువైతే నోటితోనే వదిలేస్తాయి. వాటి విషయంలో ట్యాంకు చేపతో చేసిన పరీక్ష మరీ అబద్ధం చెప్పదు. పెర్చ్, తిలాపియా లాంటి వాటికి ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. తిత్తిలోకి గ్యాస్ రక్తం నుంచి మెల్లగా చేరాలి, మెల్లగానే పోవాలి. వీటిని ఆ లోతు ప్రెజర్‌లో అలవాటయ్యేదాకా ఉంచి, పైకి తీయకుండానే వాల్వ్ వైపు వదలాలి. ఖర్చు, తలనొప్పి రెండూ ఎక్కువే. అది చేయలేకపోతే చేపల ప్రాణాలు తీయడం దండగ, సెన్సర్ చేపకే నా ఓటు.

అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ ల్యాబొరేటరీ తయారుచేసిన సెన్సర్ చేప సుమారు 9 సెంటీమీటర్ల గొట్టం. ప్రెజర్‌నూ, కుదుపునూ, గిరగిరా తిరగడాన్నీ సెకనుకు 2,048 సార్లు రాసుకుంటుంది. 40 మీటర్ల నీటి ఎత్తు కింద వాల్వ్ నుంచి నీరు గంటకు దాదాపు 100 కిలోమీటర్ల వేగంతో దూకుతుంది. ఆ దూకుడులో దెబ్బ ఎక్కడ తగిలిందో, ప్రెజర్ ఎంత కిందికి పడిందో చెప్పగలిగేది ఇదొక్కటే. అయితే దానికి గాలితిత్తి లేదు, రేపటికి చావదు. దాని అంకెల్ని చావుబతుకుల్లోకి మార్చాలంటే ప్రెజర్ ఛాంబర్‌లో నిజం చేపలతో చేసిన ఫలితాలు చేతిలో ఉండాలి.

చేపకు తగిలించి అది ఎటు పోయిందో సిగ్నల్‌తో కనిపెట్టే రేడియో ట్యాగ్‌ల జోలికి పోను. చచ్చిన చేప కూడా ప్రవాహంలో కొట్టుకుపోతుంది, ట్యాగ్ మోగుతూనే ఉంటుంది.

గుడ్డుకు గాలితిత్తి లేదు కాబట్టి లోతు గొడవ పెద్దగా లేదు. దాన్ని చంపేది నీటి ఒరిపిడి, కుదుపు. సన్నకంటి వలతో పట్టడం తప్ప దారి లేదు, పైగా ఆ వల కూడా గుడ్లను నలుపుతుంది. అందుకే నా షరతు: అదే కాన్పు గుడ్లు కొన్నింటిని వాల్వ్ తర్వాత, వలకు ముందు వదిలి పట్టాలి. తెల్లబడిన గుడ్లు లెక్కపెట్టేసి చేతులు దులుపుకోకూడదు. ట్రౌట్ గుడ్లలో అసలు ఫలదీకరణే జరగనివి కూడా కుదుపు తగిలితే తెల్లబడతాయి. వాటి పాపం వాల్వ్ నెత్తిన పడుతుంది. తేటగా ఉన్నదల్లా బతికినట్టూ కాదు, పొదిగి పిల్ల వచ్చేదాకా ఆగాలి. ఏ వయసు గుడ్డు అన్నదీ చూడాలి. లోపల కళ్లు చుక్కల్లా కనబడే దశకు ముందు చిన్న కుదుపుకే చచ్చే గుడ్డు, ఆ దశ దాటాక గట్టిపడుతుంది.

ఒక్కోసారి మనం కోరుకునేది బతకడం కాదు, చావడం. కాలిఫోర్నియాలోని లేక్ డేవిస్ అనే జలాశయంలో 1994లో నార్తర్న్ పైక్ అనే దోపిడీ చేప కనబడింది. 1997లో రోటినోన్ మందు కలిపి చంపితే 1999లో మళ్లీ కనబడింది, 2007లో మళ్లీ మందు కలపాల్సి వచ్చింది. అది దిగువ నదుల్లోకి జారితే సాల్మన్ గతేమిటని అక్కడివాళ్ల టెన్షన్. ఇలాంటి చోట వాల్వ్ దాటించిన 300 గుడ్లలో ఒక్కటీ బతకలేదన్నంత మాత్రాన గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోలేం. ఆ 300తో మనం 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది, బతికేవి 1 శాతానికి మించవని మాత్రమే. లక్ష గుడ్లు పోతే ఆ 1 శాతమే వెయ్యి. గుడ్ల పరీక్షలో నేను సంఖ్య పెంచమని పోరేది అందుకే. 3,000 గుడ్లు దాటించి ఒక్కటీ బతకకపోతే ఆ వెయ్యి వందకు దిగుతుంది.

ఏ పరీక్షైనా వాల్వ్‌ను పావు, సగం, పూర్తిగా తెరిచి మూడుసార్లు చేయండి. పావు తెరిచినప్పుడు సందు సన్నం, నీరు తక్కువ, చేపకు ఇనుము తగిలే అవకాశం ఎక్కువ. నీళ్లు పొదుపుగా వదిలే రోజుల్లో వాల్వ్ ఉండేది ఆ పావు దగ్గరే.