ర్యావ్4 ప్రైమ్, 7,500 డాలర్ల ట్యాక్స్ క్రెడిట్: నాలుగేళ్లు దాటాక నా మాట

ముందే తేల్చి చెప్పేస్తాను. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (ప్లగ్ పెట్టి చార్జ్ చేసుకునే, పెట్రోల్ మీద కూడా నడిచే కారు) మీద అమెరికా ప్రభుత్వం 2025 సెప్టెంబర్ 30 దాకా ఇచ్చిన 7,500 డాలర్ల క్రెడిట్ మాకు పూర్తిగా వచ్చింది, కారు కూడా ఇన్నేళ్లలో ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. కానీ మేం కొన్నప్పుడు ఆ క్రెడిట్ తగ్గించేది మన ట్యాక్స్‌ని, కారు ధరని కాదు. రెండూ ఒకటే అనుకుని బడ్జెట్ వేసుకున్నవాళ్లు మా సర్కిల్‌లోనే చాలామంది నష్టపోయారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

మేముండేది టెక్సస్‌లో, ఫ్రిస్కోలో. 2021 లో టయోటా ర్యావ్4 ప్రైమ్ కొన్నాం. అప్పుడు క్రెడిట్ ఎంతన్నది బ్యాటరీ సైజుని బట్టి ఉండేది: కనీసం 4 కిలోవాట్-అవర్ల (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) బ్యాటరీ ఉంటే 2,500 డాలర్లు, 5 దగ్గర ఇంకో 417, ఆ పైన ప్రతి కిలోవాట్-అవర్‌కీ మరో 417 చొప్పున కలుపుకుంటూ పోయి 7,500 దగ్గర ఆగిపోయేది. మా కారుది 18.1 కాబట్టి పూర్తి క్రెడిట్. అదే కంపెనీ ప్రియస్ ప్రైమ్‌ది 8.8 కాబట్టి దానికి 4,502. ఇంట్లో ప్లగ్ పెట్టి చార్జ్ చేసే పని లేని మామూలు ర్యావ్4 హైబ్రిడ్‌కి, క్యామ్రీ హైబ్రిడ్‌కి సున్నా.

ఈ సున్నా దగ్గరే చాలామందికి కన్ఫ్యూజన్. మా కొలీగ్ ఒకాయన మామూలు హైబ్రిడ్ కొని, డీలర్ దగ్గర సేల్స్‌మాన్ "హైబ్రిడ్ కదా సార్, క్రెడిట్ వస్తుంది" అంటే నమ్మాడు. ఆ మాటకి ఆధారం లేకపోలేదు, కాకపోతే అది పాత సంగతి. 2005 లో చేసిన ఎనర్జీ చట్టం ప్రకారం 2006 నుంచి 2010 దాకా కొన్న మామూలు హైబ్రిడ్‌లకి నిజంగానే క్రెడిట్ ఉండేది, ప్రియస్‌కి 3,150 డాలర్లు వచ్చేవి. అప్పుడు కూడా ఒక కంపెనీ 60 వేల కార్లు అమ్మాక క్రెడిట్ మెల్లగా తగ్గిపోయేది, టయోటా ఆ లెక్క 2006 లోనే దాటేసి 2007 అక్టోబర్‌కల్లా సున్నాకి వచ్చేసింది. ఆ రోజుల్లో ఇక్కడికొచ్చిన సీనియర్లు ఇప్పటికీ "హైబ్రిడ్‌కి క్రెడిట్ ఉంటుంది బాబూ" అని మంచి మనసుతోనే చెప్తుంటారు. దయచేసి వాళ్ల మాట మీద కారు కొనకండి.

ఇక డీలర్ల సంగతి. మా ఊళ్లో ఒక డీలర్ స్టిక్కర్ ధర (కారు మీద కంపెనీ అంటించే ధర) మీద అయిదు వేలు ఎక్కువ అడిగాడు. ఎందుకంటే, "గవర్నమెంట్ ఎలాగూ మీకు ఏడున్నర వేలు ఇస్తోంది కదా" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. కొనేవాడి కోసం పెట్టిన డబ్బు అది, దాన్ని ముందే లెక్కగట్టి తన జేబులో వేసుకుంటానంటే ఎలా? పైగా ఆ అయిదు వేలు ఈరోజు లోన్‌లో కలుస్తాయి, వడ్డీ ఈరోజు నుంచే మొదలవుతుంది, క్రెడిట్ మాత్రం వచ్చే ఏడాది ట్యాక్స్ ఫైల్ చేశాకే. ఇది ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) క్రెడిట్, ఏ రాష్ట్రంలో కొన్నా ఒకటే. అందుకని వేరే రాష్ట్రంలో స్టిక్కర్ ధరకే ఇస్తానన్న డీలర్ దొరికేదాకా ఫోన్లు చేసి, వెళ్లి తెచ్చుకున్నాం. ఆ ఓపిక పట్టినందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "మాకు ఏటా రిఫండ్ వస్తుంది, అంటే ట్యాక్స్ బాకీ లేనట్టే కదా, మరి క్రెడిట్ ఎలా వస్తుంది?" వచ్చేది. రిఫండ్ అంటే జీతంలో ఎక్కువ కోసుకున్నది తిరిగివ్వడం, అంతే. చూడాల్సింది ఏడాది మొత్తం మీద మీకు పడిన ట్యాక్స్ ఎంత అని, మీ 1040 ఫారంలో (ఏటా వేసే ట్యాక్స్ రిటర్న్) 18వ లైన్ దగ్గర ఆ అంకె కనిపిస్తుంది. ఉదాహరణకి ఏడాది ట్యాక్స్ 22,000 పడింది, కంపెనీ 23,000 కోసింది అనుకుందాం. క్రెడిట్ లేకపోతే రిఫండ్ 1,000. క్రెడిట్ ఉంటే ట్యాక్స్ 14,500 కి దిగుతుంది, రిఫండ్ 8,500 అవుతుంది. అదే ఏడాది ట్యాక్సే 5,000 పడినవాళ్లకి 5,000 వరకే దక్కేది, మిగతా 2,500 పోయినట్టే, వచ్చే ఏడాదికి జరుపుకునే వీలు ఉండేది కాదు. కొత్తగా ఉద్యోగంలో చేరి సగం ఏడాదే జీతం తీసుకున్న కుర్రాళ్లకి, ఒక్కరి జీతం మీదే నడిచే ఇళ్లకి ఇది బాగా తగిలేది, అలాంటివాళ్లు కారు డెలివరీ ఏ ఏడాదిలో తీసుకుంటే మంచిదో ముందే చూసుకోవాల్సింది. ఎందుకంటే క్రెడిట్ ఏ ఏడాదికి చెందుతుందన్నది బుకింగ్ తేదీని బట్టి ఉండేది కాదు, కారు చేతికొచ్చిన తేదీని బట్టి ఉండేది. డిసెంబర్‌లో డబ్బు కట్టి జనవరిలో కారు తెచ్చుకుంటే అది మరుసటి ఏడాది లెక్కే.

డబ్బు కోసం మరుసటి ఏడాది దాకా ఆగలేకపోతే ఒక దారి ఉండేది, ఎందుకో ఎవరూ చెప్పేవారు కాదు. ఆఫీసులో డబ్ల్యూ-4 (జీతంలో ఎంత ట్యాక్స్ కోయాలో చెప్పే ఫారం) మార్చి, స్టెప్ 3 లో ఈ క్రెడిట్ కలిపితే ప్రతి జీతంలోనూ కోత తగ్గేది. మేం అలాగే చేశాం, కారు ఈఎంఐ మొదలైన నెలల్లో చాలా ఊరటనిచ్చింది.

ఫైలింగ్‌కి వాడేది ఫారం 8936. భయపడాల్సిందేమీ లేదు: కారు ఏ ఏడాది మోడల్, ఏ కంపెనీ, విన్ నంబర్ (ఒక్కో కారుకి ఉండే గుర్తింపు నంబర్), వాడకంలోకి వచ్చిన తేదీ, ఆ మోడల్‌కి ఎంత క్రెడిట్, వ్యాపారానికి ఎంత శాతం వాడారు (మాకు సున్నా). అక్కడ వచ్చిన అంకె షెడ్యూల్ 3 కి (1040 కి జతచేసే పేజీ), అక్కణ్ణుంచి 1040 కి వెళ్తుంది. కానీ మాకు ట్యాక్స్ చేసి పెట్టే ఆయన పంపిన డ్రాఫ్ట్‌లో 8936 అసలు లేదు. అడిగితే "హైబ్రిడ్‌లకి ఇప్పుడు లేదండీ" అన్నారు. ప్లగ్-ఇన్ అని చెప్పి, ఆ మోడల్‌కి 7,500 అని ఉన్న పేజీ పంపాక కలిపారు. డ్రాఫ్ట్ చూడకుండా సంతకం పెట్టేవాళ్లుంటే ఆలోచించండి, ఒక్క ఫారం లేకపోతే ఏడున్నర వేలు గల్లంతు. రిఫండ్ మాత్రం ఏ ప్రశ్నా లేకుండా బ్యాంకులో పడింది. కొనుగోలు కాగితాలు, విన్ నంబర్ కనిపించే ఫొటో ఇప్పటికీ ఒక ఫోల్డర్‌లో భద్రంగా ఉంచాను.

గరాజ్‌లో పెట్టించిన 240 వోల్టుల చార్జర్‌కి అప్పట్లో వేరే క్రెడిట్ ఉండేది, ఫారం 8911, ఖర్చులో 30 శాతం, వెయ్యి డాలర్లు మించకుండా. ఇందులో టెంటటివ్ మినిమమ్ ట్యాక్స్ (కనీసం ఇంత ట్యాక్స్ పడాలనే వేరే లెక్క) అడ్డొచ్చి, మాకు కొంతే వచ్చింది. 

మేం కొన్న తర్వాత రూల్స్ మారిన తీరు చూస్తే కొనేవాళ్ల మీద జాలేస్తుంది. 2022 ఆగస్ట్ 16 న కొత్త చట్టం మీద సంతకం పడిన రోజు నుంచే ఉత్తర అమెరికాలో తయారైన కార్లకే క్రెడిట్ అన్నారు. ర్యావ్4 ప్రైమ్ జపాన్‌లో తయారయ్యేది, కాబట్టి అప్పటికే గట్టి ఒప్పందం రాసుకోనివాళ్లకి ఆ రోజుతో తలుపు మూసుకుపోయింది. మా కజిన్ నెలల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉండి, వాపసు ఇచ్చే డిపాజిట్ మాత్రమే కట్టి ఉన్నాడు, దానికి ఒప్పందం విలువ లేదు. 2023 నుంచి ఆదాయ పరిమితి వచ్చింది: భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 3 లక్షలు, ఒంటరిగా అయితే లక్షా యాభై వేల డాలర్లు. ధరకి కూడా పరిమితి పెట్టారు. ఆ ఏప్రిల్ నుంచి బ్యాటరీ ఖనిజాలకి సగం, విడిభాగాలకి సగం అని క్రెడిట్‌ని రెండు ముక్కలు చేశారు.

ఒక్క మంచి మార్పు 2024 లో వచ్చింది. క్రెడిట్‌ని డీలర్‌కే బదిలీ చేసి ధరలోంచి అక్కడికక్కడే తగ్గించుకునే వీలు వచ్చింది, ట్యాక్స్ తక్కువ పడినవాళ్లకి కూడా పూర్తి మొత్తం దక్కేది, ఆదాయం మాత్రం పరిమితి దాటకూడదు. మొదటినుంచీ ఇలాగే ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం. ఇలా క్రైస్లర్ పసిఫికా ప్లగ్-ఇన్ తీసుకున్న మా ఫ్రెండ్ ఫ్యామిలీకి కారు లోన్ మొత్తమే 7,500 తగ్గి మొదలైంది.

2025 జులైలో వచ్చిన చట్టంతో అంతా ఆగిపోయింది, ఆ సెప్టెంబర్ 30 తర్వాత కొన్న కార్లకి ఫెడరల్ క్రెడిట్ లేదు. ఆ తేదీలోపు ఒప్పందం రాసుకుని ఎంతోకొంత డబ్బు కట్టి, కారు తర్వాత అందినవాళ్లకి ఉంది. మీరు ఆ గడువులోపు కొనుంటే, డీలర్ ఐఆర్ఎస్‌కి (అమెరికా ట్యాక్స్ శాఖ) పంపిన అమ్మకం రిపోర్ట్ కాపీ మీ దగ్గర ఉందో లేదో ముందు చూసుకోండి. డీలర్ ఆ రిపోర్ట్ పంపి ఉండకపోతే క్రెడిట్ రాదు.

కారు గురించి కూడా కాస్త. చార్జ్ మీద 42 మైళ్లు అని కంపెనీ మాట, ఊళ్లో వాడకానికి మాకు అది నిజమే, ఎండాకాలం ఏసీ ఫుల్లుగా పెడితే కాస్త తగ్గుతుంది. ఆఫీసు, పిల్లల క్లాసులు, హనుమాన్ గుడి, అన్నీ కరెంటు మీదే. రాత్రిపూట ఫ్రీ కరెంటు ప్లాన్ తీసుకున్నాం, పడుకునేముందు ప్లగ్ పెడితే నాలుగున్నర గంటల్లో నిండుతుంది. హ్యూస్టన్ దగ్గరున్న పియర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి వెళ్లేటప్పుడు పెట్రోల్ మీద గ్యాలన్‌కి 38 మైళ్ల దాకా ఇస్తుంది, దారిలో చార్జర్ వెతుక్కునే టెన్షన్ లేదు. చలికాలం పొద్దున్నే ముందు అద్దం డీఫ్రాస్ట్ నొక్కితే ఇంజిన్ ఆన్ అవుతుంది, అదొక్కటే నాకు నచ్చదు.

క్రెడిట్ లేకపోయినా ఇదే కారు మళ్లీ కొంటావా అని మొన్న మా తమ్ముడు అడిగాడు. స్టిక్కర్ ధరకి ఇస్తే, ఇంట్లో చార్జింగ్ ఉంటే, కొంటాను. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ప్లగ్ దొరకనివాళ్లకైతే మామూలు హైబ్రిడ్ చాలు, వేల డాలర్లు తక్కువకి వస్తుంది.