లాన్ ట్రాక్టర్ బ్లేడ్లు తీయాలంటే: జాకా, లిఫ్టా, డెక్ దించడమా?

ఏప్రిల్ వస్తే చాలు, ఒకటే ప్రశ్న. "అన్నా, మోవర్ బ్లేడ్లు తీయాలి, బండిని దేంతో లేపుతున్నావు? లిఫ్ట్ కొనమంటావా?" మేముండేది అట్లాంటాకి ఉత్తరాన, ఫోర్సైత్ కౌంటీలో. కొత్త కాలనీల్లో ఉన్న మనవాళ్ళకి తోసుకుంటూ కోసే చిన్న మోవర్ సరిపోతుంది కాబట్టి ఈ బాధ లేదు. ఎకరం స్థలం మీద మోజుపడి పాత ఇల్లు కొని, కూర్చుని నడిపే లాన్ ట్రాక్టర్‌కి వచ్చిన మాలాంటివాళ్ళదే ఈ గొడవంతా. పైగా ఇక్కడిది జార్జియా ఎర్రమట్టి. వాన పడ్డ మర్నాడు గడ్డి కోశామా, డెక్ లోపల, అంటే బండి కింద బ్లేడ్లు తిరిగే ఆ రేకు తొట్టిలో, పిడకలు కొట్టినట్టు అంటుకుపోతుంది. ఏడాదికి రెండు మూడుసార్లైనా కిందకి చూడక తప్పదు.

మా బావమరిది మొన్న మార్చిలో లిఫ్ట్, అంటే మోవర్ ముందు భాగాన్ని పైకి లేపే స్టాండ్ లాంటిది, కొన్నాడు. నేను వద్దనుకున్నాను. ఇద్దరివీ 42 అంగుళాల డెక్ బళ్ళే, ఇద్దరిదీ అదే మట్టి. కాబట్టి ఏది మేలో ఇప్పుడు కాస్త ధైర్యంగా చెప్పగలను.

అడిగేవాళ్ళు ఎక్కువగా బరువు దగ్గరే ఆగిపోతారు. జాక్ మీద మూడు టన్నులని రాసి ఉంటుంది, మన బండి 200 కిలోల పైచిలుకు, ఇంకేం భయం అంటారు. నాకు ఆ లెక్క తిరగేసినట్టు కనిపిస్తుంది. టన్నున్నర కారుని స్టాండ్ల మీద నిలబెట్టి కింద నుంచి పానా లాగితే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. దాని బరువే దాన్ని కదలనివ్వదు. లాన్ ట్రాక్టర్ అలా కాదు. ముందు భాగం లేపితే జాక్ మీద పడేది వంద కిలోలకి అటూఇటూ. ఇక బ్లేడు బోల్టు సంగతి చూడండి. కంపెనీని, మోడల్‌ని బట్టి 45 నుంచి 90 ఫుట్-పౌండ్ల (బోల్టు బిగింపుని కొలిచే లెక్క) దాకా బిగించమంటారు. రెండడుగుల పానాతో 90 ఫుట్-పౌండ్లంటే, చివర చేత్తో 45 పౌండ్లు, అంటే 20 కిలోల లాగుడు. ఏడాదిపాటు తడి గడ్డిలో తుప్పు పట్టిన బోల్టైతే దానికి రెట్టింపు అనుకోండి. వంద కిలోల బరువు సన్నటి ఆధారం మీద గాల్లో ఉంటే, దాన్ని 40 కిలోల బలంతో పక్కకి గుంజుతున్నది మనమే. గుంజుతూ తలకాయ దాని పక్కనే పెడుతున్నదీ మనమే.

అందుకే నేను ఏ పద్ధతినైనా ఒక్క ప్రశ్నతోనే తూచి చూస్తాను. బండి ఎంత ఎత్తు లేస్తుంది అని కాదు, బోల్టు గట్టిగా లాగినప్పుడు బండి ఏం చేస్తుంది అని.

ఇది నాకు ఊరికే తట్టలేదు. రెండేళ్ళ కిందట గరాజ్‌లో, కారు కోసం కొన్న చక్రాల జాక్‌ని ముందు ఇరుసుకి సరిగ్గా మధ్యలో పెట్టి లేపాను. అప్పటికి నాకు తెలియని విషయం ఒకటుంది. లాన్ ట్రాక్టర్ ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంది. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు చక్రాలూ ఆనాలని అలా చేస్తారు. అక్కడ జాక్ పెట్టడమంటే తక్కెడని ముల్లు దగ్గర పట్టుకుని లేపడమే. పైన బండి అటూ ఇటూ ఒరుగుతుంది, కింద జాక్‌కేమో చక్రాలు. ఎడమ బ్లేడు బోల్టు రాకపోయేసరికి పానాకి ఇనప గొట్టం తొడిగి ఒక్క గుంజు గుంజాను. బోల్టు రాలేదు, బండే వచ్చింది. జాక్ గచ్చు మీద కిర్రుమంటూ రెండంగుళాలు జరిగింది, కుడివైపు టైరు కిందకి వాలింది. చెయ్యి అప్పుడే బయటికి తీశాను కాబట్టి సరిపోయింది. ఆ రోజు ఇంక పానా ముట్టుకోలేదు.

జాక్‌తోనే చేస్తామనేవాళ్ళు ఇరుసుని వదిలేసి, ఫ్రేమ్‌కి రెండు వైపులా జాక్ స్టాండ్లు పెట్టి, వాటి మీద దించాలి. జాక్ ఉన్నది లేపడానికి, మోయడానికి కాదు. హైడ్రాలిక్ జాక్‌లో సీల్ కారితే చడీచప్పుడూ లేకుండా దిగిపోతుంది. స్టాండ్ కొన్నామని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 2020లో ఇక్కడ ఊరూరా దుకాణాలున్న ఒక పెద్ద కంపెనీ తన జాక్ స్టాండ్లని లక్షల్లో రీకాల్ చేసింది, పళ్ళ దగ్గర పట్టు సరిగా పడటం లేదని. స్టాండ్ పైభాగం కారుకి తగ్గట్టు చేసింది. మన బండి ఫ్రేమ్ పల్చటి రేకు, మధ్యలో చెక్క ముక్క వేయకపోతే జారుతుంది. ఇంత చేసీ దొరికేది ఓ అడుగు సందు. అందులో పక్కకి పడుకుని, కళ్ళలో మట్టి రాలుతుండగా పానా వెతుక్కోవాలి. ఖర్చు మాత్రం తక్కువే, కారుకోసం ఎలాగూ అవి ఇంట్లో ఉంటాయి.

అన్నట్టు, వెనక వైపు లేపుదామనే ఆలోచన ఎవరికైనా వస్తే మానుకోండి. ఈ బళ్ళకి పార్కింగ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. అవి గాల్లోకి లేస్తే ముందు చక్రాలని ఆపేది ఏదీ ఉండదు. ముందు లేపినా సరే, బ్రేకు వేసి వెనక చక్రాలకి దిమ్మలు పెట్టాలి. ఘాట్ రోడ్డులో లారీ ఆగగానే క్లీనర్ దూకి టైరుకి రాయి అడ్డం పెడతాడు చూడండి, అంత అలవాటుగా. హైడ్రోస్టాటిక్ గేరు (ఆయిల్ ఒత్తిడితో చక్రాలు తిప్పే రకం) బండికి వెనకాల తోసుకోవడానికని ఒక చిన్న లివర్ ఉంటుంది, అది లాగి లేదని కూడా చూసుకోండి. తాళంచెవి బయటికి తీసేయడం, స్పార్క్ ప్లగ్ వైరు పీకడం అందరికీ తెలిసినవే. రెండు సిలిండర్ల ఇంజనైతే రెండు వైర్లూ పీకాలి, చాలామంది ఒకటి పీకి ఊరుకుంటారు.

ఇక లిఫ్ట్. ముందు చక్రాలు రెండూ తొట్టెల్లాంటి పళ్ళేల్లో కూర్చుంటాయి, స్క్రూ తిప్పితేనో పెడల్ తొక్కితేనో ముందు భాగం మొత్తం లేస్తుంది. 500 పౌండ్ల రకం, 750 పౌండ్ల రకం అని దొరుకుతాయి. జాక్ మీద కంటే చాలా నయం. కింద పీఠం వెడల్పు, బండి రెండు చోట్ల ఆని ఉంటుంది, మధ్యలో తాళం పడే పిన్ను ఉంటుంది. మా బావమరిది లేపి చూపించినప్పుడు డెక్ అడుగంతా అద్దంలో చూసినట్టు కనపడింది. కూర్చునే గీకొచ్చు, పడుకోనక్కర్లేదు.

"ఇప్పుడు చెప్పు బావా, వంక ఎక్కడుంది?" అన్నాడు.

"బోల్టు లాగరా, చెప్తాను" అన్నాను.

లాగాడు. పడిపోలేదు, పడేలా కూడా లేదు. కానీ ముక్కు పక్కకి ఊగింది. కారణం మళ్ళీ ఆ ఇరుసు పిన్నే. స్టీరింగ్ చక్రాలు కూడా పళ్ళెంలో కొద్దిగా తిరిగాయి. బండిని లిఫ్ట్‌కి కట్టే పట్టీలు బిగించాక ఊపు తగ్గిందిగానీ పోలేదు. బ్యాటరీతో నడుస్తూ టకటకా దెబ్బలతో బోల్టు తిప్పే ఇంపాక్ట్ రెంచ్ ఉంటే ఈ లాగుడే ఉండదు కదా అంటాడు వాడు. నిజమే, బోల్టు ఊడదీయడానికి అది దివ్యంగా పనిచేస్తుంది. తిరిగి బిగించేటప్పుడు మాత్రం మాన్యువల్ చెప్పిన లెక్కకి టార్క్ రెంచ్‌తో (ఎంత బిగిసిందో చెప్పే పానా) లాగాల్సిందే, అప్పుడు ఊపు మళ్ళీ మొదటికి వస్తుంది. ఇంకొకటి, ముందు భాగం అంత ఏటవాలుగా లేస్తే ఆయిలూ పెట్రోలూ వెనక్కి వస్తాయి. ట్యాంకు సగానికి తక్కువ ఉన్నప్పుడే లేపాలి, దించాక కాసేపు ఆగి స్టార్ట్ చేయాలి. వాడు ఆగలేదు, పొగ చూసి పక్కింటాయన బయటికొచ్చాడు. ధర రకాన్ని బట్టి 150 డాలర్ల నుంచి 300 దాటి ఉంటుంది. ఏడాదికి మూడు రోజుల పనికి మిగతా రోజులన్నీ గరాజ్‌లో ఓ మూల అప్పగించాలి.

నేను చేసేది డెక్‌నే కిందకి దించి బయటికి లాగేయడం. బండి లేవదు, నాలుగు చక్రాలూ నేల మీదే ఉంటాయి. నా ప్రశ్నకి ఇందులో వచ్చిన జవాబు నాకు నచ్చింది. తిరగేసిన డెక్ రెండు చెక్క దిమ్మల మీద ఉండగా బోల్టు ఎంత లాగినా, మహా అయితే డెక్ గచ్చు మీద గీసుకుంటూ తిరుగుతుంది. మీద పడటానికి పైన ఏమీ లేదు. తిరగకుండా ఉండటానికి ఒక వైపు మోకాలు ఆనిస్తాను. బ్లేడు తిరగకుండా డెక్ అంచుకీ బ్లేడుకీ మధ్య ఓ చెక్క ముక్క ఇరికిస్తాను. అంతే.

డెక్ తీయడమంటే చాలామందికి టెన్షన్. పేరు పెద్దదిగానీ పని అంత లేదు. చదునైన చోట బండి ఆపి, డెక్‌ని దిమ్మల మీదకి దించి, ఇంజన్ కింద కప్పీ నుంచి బెల్టు తప్పించి, డెక్‌ని బండికి వేలాడదీసే లింకుల పిన్నులు లాగి, ముందున్న కడ్డీ విప్పాలి. స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పి డెక్‌ని కుడివైపు నుంచి లాగితే నా బండికి వచ్చేస్తుంది. మీ బండికి వరస కొంచెం వేరుగా ఉండొచ్చు, మాన్యువల్‌లో బొమ్మలుంటాయి. డెక్ 40 కిలోల దాకా ఉంటుంది, ఎత్తక్కర్లేదు, పాత కార్పెట్ ముక్క వేసి ఈడ్చడమే. తిరగేసేటప్పుడు మాత్రం ఇంకో మనిషి ఉంటే నడుము బతుకుతుంది. ఒక్క జాగ్రత్త ఉంది. ఎత్తు మార్చే లివర్‌కి స్ప్రింగ్ ఉంటుంది. డెక్ బరువు పోయాక దాన్ని వదిలితే ఎగిరి కొడుతుంది. మోచేతి మీద నాకొక మచ్చ ఉంది.

మొదటిసారి గంట పట్టింది, మూడోసారికి పావుగంట. లిఫ్ట్ మీద కంటికి రానివి కూడా ఇలా అయితే దొరుకుతాయి. బెల్టు లేకుండా బ్లేడుని చేత్తో తిప్పితే స్పిండిల్ (బ్లేడు తిరిగే ఇరుసు) బేరింగ్ బాగుందో లేదో చెవికే తెలిసిపోతుంది. పోయిన వేసవిలో కుడి స్పిండిల్ ఇసక నమిలినట్టు గరగరమంది, బ్లేడు పట్టుకుని ఊపితే ఆడింది. బండికి తగిలించి ఉండగా ఆ మోత ఎప్పుడూ వినపడలేదు. పైన పుల్లీ చుట్టూ పేరుకున్న ఎండుగడ్డి కూడా అప్పుడే బయటపడింది. ఎర్రమట్టి పెంకుని ప్లాస్టిక్ గరిటెతో గీకి, ఎండలో ఆరనిచ్చి మళ్ళీ తోస్తాను. నీళ్ళ పైపు పెట్టి కడగడం నాకిష్టం లేదు, తడి లోపల మిగిలిపోయి తుప్పుకి దారి చూపిస్తుంది.

వయసు మీదపడ్డవాళ్ళకి, నడుం నొప్పి ఉన్నవాళ్ళకి, బ్లేడ్లు తీయకుండా మట్టి మాత్రం గీకుతామనేవాళ్ళకి లిఫ్టే సుఖం. వాళ్ళని కాదనను. బ్లేడ్లు తీసి సానపెట్టేవాళ్ళకి మాత్రం నా ఓటు డెక్‌కే.

మిగతావి క్లుప్తంగా. కారు ర్యాంపులు పక్క ఊపుకి గట్టివే, కానీ నున్నటి గచ్చు మీద వెనక చక్రాలు తోసేసరికి ముందుకి జారిపోతాయి, ఎత్తూ చాలదు, డెక్ అంచు కూడా తగిలే ప్రమాదం ఉంది. చెట్టు కొమ్మకో గరాజ్ దూలానికో గొలుసు కట్టి లేపడం గురించి అడిగినవాళ్ళకి నేను జవాబివ్వను. తోసే మోవర్ అయితే ఇదంతా అక్కర్లేదు. ప్లగ్ వైరు తీసి, ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా ఒరిగిస్తే చాలు. బ్యాటరీదైతే బ్యాటరీ బయటికి తీసి పెట్టండి.

డెక్ తీద్దామనుకుంటే బెల్టు తప్పించే ముందు ఫోన్‌తో పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తీసుకోండి. మొదటిసారి నేను తీసుకోలేదు. ఆ పట్టిన గంటలో సగం బెల్టు ఏ కప్పీకి ఇవతల, ఏ కప్పీకి అవతల అని గచ్చు మీద కూర్చుని ఆలోచించడానికే పోయింది.