రెడిస్ క్లస్టర్‌కి లెటస్: మూడేళ్ళు వాడిన తర్వాత

జావాలో రాసిన మా సర్వీసులు రెడిస్ క్లస్టర్‌తో (డేటాని మెమరీలో దాచే రెడిస్ సర్వర్ల గుంపు, ఒక్కో సర్వర్ ఒక నోడ్) మాట్లాడటానికి మూడేళ్ళుగా లెటస్ లైబ్రరీనే వాడుతున్నాం. ఇవాళ ఎవరైనా అడిగినా ఇదే వాడమంటాను. కానీ ప్రొడక్షన్‌కి పంపే ముందు కొన్ని సెట్టింగులు తప్పకుండా మార్చుకోవాలి. మేం మార్చుకోలేదు, దాని ఫలితం ఒక రాత్రంతా అనుభవించాం.

నచ్చిన సంగతి ముందు చెప్తాను. ఇది నెట్టీ అనే జావా నెట్‌వర్క్ లైబ్రరీ మీద కట్టినది. నోడ్‌కి ఒక కనెక్షన్ ఉంటే చాలు, ఎన్ని థ్రెడ్లైనా దాన్నే పంచుకుంటాయి. కనెక్షన్ పూల్ సైజు ఎంత పెట్టాలన్న తలనొప్పి మాకు పోయింది. అయితే బీఎల్‌పాప్ లాంటి, డేటా వచ్చేదాకా ఆగి చూసే కమాండ్లకు విడిగా కనెక్షన్ తెరవాలి, లేకపోతే వెనకున్నవన్నీ దానికోసం ఆగిపోతాయి. క్లస్టర్‌లో డేటా 16384 స్లాట్లుగా విడిపోయి నోడ్ల మధ్య పంచి ఉంటుంది, ఏ కీ ఎక్కడుందో లెటసే లెక్కగట్టుకుంటుంది. స్లాట్ వేరే నోడ్‌కి మారి 'మూవ్డ్' అని జవాబొస్తే మన కోడ్‌కి తెలియకుండానే కొత్త చోటికి వెళ్తుంది. వేర్వేరు స్లాట్లలోని కీలకు ఎంగెట్ (చాలా కీలను ఒకేసారి చదివే కమాండ్) ఇచ్చినా ముక్కలు చేసి పంపి, జవాబులు కలిపి ఇస్తుంది. చాలా కీలను ఒకేసారి రాసే ఎంసెట్‌నీ అలాగే ముక్కలు చేస్తుంది. కాబట్టి అన్నీ ఒకేసారి రాయబడతాయన్న భరోసా అక్కడ ఉండదు.

ఇక ఆ రాత్రి సంగతి. ఒక మాస్టర్ నోడ్ ఉన్న మెషీన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. క్లస్టర్ తన పని తాను చేసింది, దాని కాపీగా ఉన్న రెప్లికా కొత్త మాస్టర్ అయింది. మా సర్వీసులు మాత్రం పాత అడ్రస్‌కే రాస్తూ కూర్చున్నాయి. 'మూవ్డ్' అని చెప్పాలంటే అవతలి నోడ్ బతికుండాలి కదా! మెషీన్ చప్పుడు లేకుండా పోయింది కాబట్టి కనెక్షన్ తెగినట్టు కూడా మావైపు తెలియలేదు. లినక్స్ తన మామూలు సెట్టింగుతో పావుగంటకు పైగా ప్యాకెట్లు మళ్ళీ మళ్ళీ పంపి చూశాకే ఆశ వదులుకుంటుంది. పైగా లెటస్‌లో ఒక్కో కమాండ్‌కి డిఫాల్ట్ టైమౌట్ 60 సెకన్లు. ఒక్కో రిక్వెస్టు నిమిషం చొప్పున ఆగడంతో థ్రెడ్లన్నీ నిండిపోయాయి. చివరికి సర్వీసులు రీస్టార్ట్ చేస్తే గానీ దారిలో పడలేదు.

ఇది టెస్టులో ఎందుకు దొరకలేదంటే, మేం రెడిస్ ప్రాసెస్‌ని కిల్ చేసి చూశాం. అలా చేస్తే ఆపరేటింగ్ సిస్టమ్ కనెక్షన్‌ను మూసేస్తుంది, లెటస్‌కి వెంటనే తెలుస్తుంది. ఇప్పుడు ఫైర్‌వాల్‌లో ప్యాకెట్లు మింగేసేలా రూల్ పెట్టి పరీక్షిస్తున్నాం. మీరూ దయచేసి అలాగే చూడండి.

మేం వాడుతున్న 6వ వెర్షన్‌లో టోపాలజీ రిఫ్రెష్ (ఏ నోడ్ ఏ స్లాట్లు చూస్తోందో మళ్ళీ తెలుసుకోవడం) డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. దాంట్లో రెండు రకాలు: పీరియాడిక్ (నిర్ణీత సమయానికోసారి), అడాప్టివ్ (సంకేతం వచ్చినప్పుడు). అడాప్టివ్ ఒక్కటే పెడితే చాలదు. రీకనెక్ట్ ప్రయత్నాల్లాంటి ఏదో ఒక సంకేతం వస్తేనే అది కదులుతుంది, మాకు జరిగిన దాంట్లో అలాంటి సంకేతమే లేదు. అందుకే రెండూ ఆన్ చేసి, పీరియాడిక్‌ని 30 సెకన్లకు పెట్టాం. కమాండ్ టైమౌట్ 2 సెకన్లకు తగ్గించాం. టీసీపీ యూజర్ టైమౌట్ (జవాబు రాని కనెక్షన్‌ను ఎంతసేపటికి వదిలేయాలో చెప్పేది) కూడా పెట్టాం, అది లినక్స్‌లో ఈపోల్ లేదా ఐవో_యూరింగ్ నేటివ్ ట్రాన్స్‌పోర్ట్ ఉంటేనే పనిచేస్తుంది. కనెక్షన్ లేనప్పుడు కమాండ్లను దాచుకునే క్యూకి డిఫాల్ట్‌గా హద్దు లేనట్టే, మెమరీ నిండిపోతుంది. అలాంటప్పుడు కమాండ్లను వెంటనే తిప్పికొట్టమని సెట్ చేశాం. ఆ తర్వాత రెండుసార్లు నోడ్లు పోయాయి. రెండుసార్లూ కొద్దిసేపు ఎర్రర్లు వచ్చి, ఎవరూ చెయ్యి పెట్టకుండానే సర్దుకుంది.

ఇంకొక్క జాగ్రత్త. అసింక్ (జవాబు కోసం ఆగని) కాల్‌బ్యాక్ లోపల మరో సింక్ (జవాబు వచ్చేదాకా ఆగే) కాల్ చేయకండి. అది నెట్టీ థ్రెడ్‌నే ఆపేస్తుంది, రావలసిన జవాబు చదవడానికి ఎవరూ మిగలరు. మా టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే, కోడ్ రివ్యూలో ఇది ప్రత్యేకంగా వెతుకుతాం.

ఒకే నోడ్, నాలుగైదు థ్రెడ్లు, అన్నీ సింక్ కాల్సే అయితే జెడిస్ (రెడిస్‌కి మరో జావా లైబ్రరీ) సరిపోతుంది, నేర్చుకోవడమూ తేలిక. క్లస్టర్ ఉండి, ఒకేసారి వచ్చే రిక్వెస్టులు ఎక్కువైతే మాత్రం నా ఓటు లెటస్‌కే.