అలంపరై కోట దాకా: కడప నుంచి నాలుగు రోజుల తీర ప్రయాణం

సంక్రాంతి సెలవులు ముగిసేలోగా, ఎండ ముదరకముందే సముద్రం చూసి రావాలని, నేను, నా భార్య, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, డెబ్బై ఏళ్లు దాటిన మా అమ్మ కడప నుంచి కారులో మహాబలిపురానికీ, అక్కడి నుంచి తీరం వెంట పుదుచ్చేరికీ వెళ్లి, నాలుగో రోజు రాత్రికి ఇల్లు చేరాము. గండికోట, సిద్ధవటం చూస్తూ పెరిగిన మాకు పాడుబడిన కోటలు కొత్త కావు. ఉప్పుగాలికీ అలలకూ ఎదురుగా నిలిచిన కట్టడాలు ఎలా ఉంటాయో చూడాలన్నదే మా కోరిక.

తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరి, ఒంటిమిట్ట, రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు, నగరి మీదుగా తిరుత్తణి చేరాము. చెన్నై నగరంలోకి పోకుండా తిరువళ్లూరు, శ్రీపెరుంబుదూరు, చెంగల్పట్టు, తిరుక్కళుకుండ్రం దారి పట్టడం మంచిదైంది. శ్రీపెరుంబుదూరు దగ్గర లారీల రద్దీ తప్ప ఇబ్బంది లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న చిత్రాన్నం, ఓళిగలు దారిలోనే అయిపోయాయి. సుమారు 300 కిలోమీటర్ల ప్రయాణం తర్వాత మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మహాబలిపురంలో దిగాము.

బసలో మాత్రం మొదటి రోజు దెబ్బతిన్నాము. ఫోటోల్లో కిటికీ నిండా సముద్రం కనిపించిందని ముందే డబ్బు కట్టిన వసతిగృహంలో, ఆ కిటికీ తెరిస్తే కనిపించింది పక్క మేడ గోడ. అమ్మకు మెట్లు ఎక్కడం కష్టమని రెండుసార్లు ఫోనులో చెప్పినా, లిఫ్టు లేని ఆ మేడలో మాకు రెండో అంతస్తు గది ఇచ్చి, కింది గది రేపు చూద్దామన్నారు. రెండో రాత్రికి కట్టిన డబ్బు వదులుకుని, మరునాడు తీరానికి దగ్గరగా, కింది అంతస్తు గదులున్న ఒక పాత వసతిగృహానికి మారాము. అక్కడ మంచాలు పాతవే, గోడలకు సున్నం వేసి చాలాకాలమైంది. అయినా దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు ఉదయం అయిదింటికే వచ్చాయి, గడప దగ్గర మెట్టుకు బదులు వాలు కట్టారు. రాత్రికి 3,200 రూపాయలు ఇచ్చినందుకు నాకు బాధ లేదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు సముద్రం కనిపిస్తుందా అని అడగడానికి ముందు గది ఏ అంతస్తులో ఉందో, కుర్చీలా కూర్చునే మరుగుదొడ్డి ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

తీర దేవాలయాన్ని ఉదయం ఆరింటికి, తలుపులు తెరవగానే చూడాలి. టిక్కెట్టు పెద్దలకు 40 రూపాయలు, ఫోనులో ముందుగా తీసుకుంటే 35. అదే టిక్కెట్టుతో అదే రోజు పంచరథాలు కూడా చూడవచ్చు. పదిహేనేళ్లలోపు పిల్లలకు రుసుము లేదు. ఎనిమిదో శతాబ్దం తొలినాళ్లలో, రాజసింహుడనే బిరుదు గల పల్లవ రాజు రెండవ నరసింహవర్మ కాలంలో, రాతి దిమ్మెలు పేర్చి కట్టిన గుడి ఇది. తూర్పు ముఖంగా ఒక శివాలయం, పడమటి ముఖంగా మరొకటి, రెండింటి నడుమ పవళించిన విష్ణువు ఉన్నారు. ప్రహరీ మీది నందుల ముఖాలను ఉప్పుగాలి అరగదీసింది, కొన్నింటికి కళ్లెక్కడో మూతెక్కడో తెలియదు. రాతిలో దిగిన ఉప్పును పీల్చడానికి పురావస్తు శాఖవారు గోడలకు కాగితపు గుజ్జు పట్టిస్తారనీ, గాలిని ఆపడానికే చుట్టూ సరుగుడు చెట్లు పెంచారనీ తెలుసుకున్నాక, ఆ గుడి ఇన్నాళ్లు నిలవడానికి ఎంత శ్రమ పడుతున్నారో అర్థమైంది. గేటు నుంచి గుడి దాకా చదునైన బాట ఉండటంతో అమ్మ ఎవరి చేయీ పట్టుకోకుండానే నడిచింది. తొమ్మిది దాటాక విహారయాత్రల బస్సులు వచ్చాయి. ఇక నిలబడి చూడడానికి చోటు లేదు.

పంచరథాలు కట్టినవి కావు, కొండరాళ్లనే పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చి, చివరికి పూర్తిచేయకుండా విడిచిపెట్టినవి. ధర్మరాజ రథం మీద పల్లవ రాజు బిరుదుల అక్షరాలు చూపించగానే మా అమ్మాయి, "నాయనా, మన కలమళ్ల శాసనం దీనికంటే పాతదేనా?" అని అడిగింది. మా కడప జిల్లా కలమళ్లలోని రేనాటి చోళుల తెలుగు శాసనం ఆరో శతాబ్దిది, ఈ రథాలు ఏడో శతాబ్దివి. జవాబు చెప్పేటప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోలేకపోయాను.

అర్జునుడి తపస్సు అని పిలిచే, సుమారు 90 అడుగుల వెడల్పున్న శిల్పఫలకం దగ్గర మాత్రం గుర్తింపు కార్డున్న గైడును పెట్టుకోవడం మేలు. మాకు దొరికినాయన తిరుపతి యాత్రికుల వల్ల నేర్చుకున్న తెలుగులో ఓపికగా చెప్పాడు. రాతి నడుమ చీలికలో నాగులు ఉండటం చేత దీనిని గంగావతరణమని అనేవారూ ఉన్నారని చెప్పి, ఏనుగుల పక్కన ఒంటికాలి మీద దొంగజపం చేస్తున్న పిల్లినీ, దాని ముందున్న ఎలుకలనూ చూపించాడు. ఆయన లేకపోతే ఆ పిల్లి మా కంట పడేది కాదు. భోజనాలు తీరం పక్క వీధుల్లో ఖరీదెక్కువ, బస్టాండు వైపు శాకాహార హోటళ్లలో తృప్తిగా తిన్నాము. అక్కడి సముద్రంలో లోపలి గుంజుడు బలంగా ఉంటుంది కాబట్టి మేము పాదాలు తడుపుకోవడంతోనే సరిపెట్టుకున్నాము.

మూడో రోజు దక్షిణానికి వెళ్లే దారిలో కల్పాక్కం పక్కనున్న సద్రాస్ డచ్చి కోటలో అరగంట ఆగాము. ఇటుక గోడలు, చెక్కడపు పని చేసిన డచ్చి సమాధి రాళ్లు ఉన్నాయి. 1782లో ఈ ఊరి ఎదుటి సముద్రంలోనే ఫ్రెంచి, ఇంగ్లీషు నౌకలు తలపడ్డాయి. అరగంట సరిపోయింది.

కడపాక్కం అనే ఊరి పేరు పలక మీద చూసి అమ్మ నవ్వింది. అలంపరై కోట ఆ ఊరి దగ్గరే, ఒక పక్క ఉప్పుటేరు, ఇంకో పక్క సముద్రం ఉన్న ఇసుక దిబ్బల మీద ఉంది. ఇటుకా సున్నంతో కట్టిన గోడలు సగం కూలి, పెద్ద పెద్ద పెచ్చులుగా ఇసుకలో వాలి ఉన్నాయి. 2004 సునామీ కూడా వీటిని దెబ్బతీసింది. పదిమంది కంటే ఎక్కువ సందర్శకులు లేరు. గోడ నీడన కూర్చుంటే అలల చప్పుడు, జాలరుల పడవల చప్పుడు తప్ప వేరేదేమీ వినబడదు. 1750లో ఈ కోటను ఫ్రెంచివారికి ఇచ్చినవాడు, హైదరాబాదు మొదటి నిజాం అయిన నిజాం ఉల్ ముల్క్ మనవడు, తర్వాత తానూ నిజాం అయిన ముజఫర్ జంగ్. ఆ మరుసటి సంవత్సరమే, ఫ్రెంచి సేనతో హైదరాబాదుకు పోతూ, రాయచోటి దగ్గరి లక్కిరెడ్డిపల్లె వద్ద కడప, కర్నూలు పఠాను నవాబులతో జరిగిన పోరులో అతడు చనిపోయాడు. 1760లో ఇంగ్లీషువారు కోటను పట్టుకుని కూల్చారు. మా నాయన చిన్నప్పుడు లక్కిరెడ్డిపల్లె సంతకు తీసుకుపోయేవారు కానీ, ఆ నేల మీద ఒక నిజాం చనిపోయాడని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. నాలుగు రోజుల్లో నన్ను అంతగా పట్టి నిలిపిన చోటు మరొకటి లేదు.

అయితే సౌకర్యాలు శూన్యం. మరుగుదొడ్డి లేదు, చెట్టు నీడ తక్కువ, ఇసుకలో నడక అమ్మకు కష్టమైంది. కారు ఆపిన చోటే ఆమె ఆగి, కొబ్బరిబోండాలు అమ్మే ఆవిడతో, ఒకరి భాష ఒకరికి రాకపోయినా, గంటసేపు మాట్లాడింది. మధ్యాహ్నం కాకుండా, సాయంత్రం నాలుగు తర్వాత, నీళ్లు వెంట తీసుకుని వెళ్లాలి.

ఆ పైన మరక్కాణం ఉప్పుమళ్లలో తెల్లటి కుప్పలు ఎండకు కళ్లు చెదిరేలా మెరిశాయి. ఈ భాగంలో రోడ్డు వెడల్పు పనుల వల్ల మళ్లింపులు ఎక్కువ, చీకటి పడ్డాక నడపకపోవడం మంచిది. పుదుచ్చేరిలో బస సౌకర్యంగా ఉంది కానీ, కారు నిలపడానికి చోటు వెతకడంలోనే అరగంట పోయింది.

మరునాడు ఉదయం చూసిన అరికమేడు, 1945లో పురావస్తు శాస్త్రవేత్త మోర్టిమర్ వీలర్ తవ్వకాల్లో రోమను దేశపు మద్యపు జాడీల ముక్కలు, ఇటలీ మట్టిపాత్రల పెంకులు బయటపడిన ప్రాచీన రేవు. ఇప్పుడు అక్కడ మామిడి తోపు, ఏటి ఒడ్డు, ఫ్రెంచి మిషనరీల భవనం తాలూకు ఇటుక స్తంభాలు మాత్రమే ఉన్నాయి. తవ్విన గుంటలు పూడ్చేశారు. అందువల్ల ముందు పుదుచ్చేరి మ్యూజియంలో పూసలనూ పెంకులనూ చూసి, తర్వాత ఇక్కడికి రావాలి. మేము తలకిందులుగా చేయడం వల్ల మా అమ్మాయి తోపులో విసుక్కుంది, మ్యూజియంలోకి వచ్చాక మాత్రం పూసల పెట్టె ముందు నుంచి కదలనన్నది.

తిరుగుదారిలో తిండివనం, వందవాసి, కాంచీపురం, తిరుత్తణి మీదుగా వచ్చాము. రాత్రి తొమ్మిదిన్నరకు కడపలో కారు దిగుతూ, అలంపరైలో ఆ ఆవిడ ఇచ్చిన రెండు కొబ్బరికాయలు మరిచిపోవద్దని అమ్మ గుర్తుచేసింది.