బాపును డే కేర్‌కు పంపిన రెండున్నరేళ్లు

బాపు, అంటే మా నాన్న, వరంగల్‌లోని ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుడు. 1934లో మొదలైన ఆ మిల్లు మూతపడి ఏళ్లు గడిచినా, సాయంత్రం నాలుగు కాగానే చెప్పులు వేసుకుని "సైరన్ మోగింది, షిఫ్టుకు పోవాలి" అంటూ గేటు దగ్గర నిలబడేవాడు. మిల్లు లేదంటే మండిపడేవాడు. అల్జీమర్స్ అని తేలాక హనుమకొండలో పెద్దవాళ్లను పగటిపూట చూసుకునే ఒక డే కేర్‌లో చేర్పించాం.

ముందే చెబుతున్నాను, మతిమరుపు తగ్గలేదు. మందులకే లొంగని జబ్బు అక్కడ నయమవుతుందనుకుంటే డబ్బు దండగ. మారింది రాత్రులు. ఇంట్లో పగలంతా కునికి, అర్ధరాత్రి లేచి తలుపు గొళ్లెం లాగేవాడు. అక్కడ పగలు పడుకోనివ్వరు. నడిపిస్తారు, చిక్కుడుకాయల ఈనెలు తీయిస్తారు, పాత పాటలు పెడతారు. రెండో నెల నుంచి రాత్రి అయిదారు గంటలు నిద్రపోతున్నాడు. ఆయనతోపాటు అవ్వ, అంటే మా అమ్మ కూడా.

అక్కడి ఆయా ఒకామె మా అందరికంటే తెలివైనది. షిఫ్టు మాట ఎత్తగానే "ఎన్ని సాంచాలు (మగ్గాలు) నడిపేవారు పెద్దయ్యా?" అని అడిగి, చిక్కుపడిన నూలు చేతికిచ్చింది. నా పేరే గుర్తులేని మనిషి తెగిన పోగును రెండు వేళ్లతో ఇట్టే ముడివేశాడు. మిల్లు లేదని ఏడాదిపాటు ఆయనతో వాదించిన నాకు సిగ్గేసింది.

లోపాలూ తక్కువేమీ కాదు. గుమ్మంలో కాళ్లు తుడుచుకోవడానికి పరిచిన నల్లపట్టా ఆయన కంటికి గొయ్యిలా కనిపించి, కాలు పెట్టేవాడు కాదు. డిమెన్షియాలో, అంటే ఇలాంటి మతిమరుపు జబ్బుల్లో, లోతు అంచనా తప్పుతుందని వాళ్లకు తెలియాలి కదా! అది తీయించడానికి మూడు వారాలు పట్టింది. వ్యాను డ్రైవరు మారినప్పుడల్లా ఎక్కనని మొండికేస్తాడు. ఒకసారి ఇంకెవరిదో లుంగీతో ఇంటికి వచ్చాడు. వ్యానుతో కలిపి నెలకు పదివేల అయిదు వందలు. పండుగలకు సెలవు, సరిగ్గా ఇల్లంతా చుట్టాలతో నిండి ఆయన బెదిరిపోయే రోజుల్లోనే.

చేర్పించే ముందు ఉదయం కాదు, మధ్యాహ్నం మూడు దాటాక చెప్పకుండా వెళ్లి చూడండి. ఆ వేళకు చాలామందిలో అలజడి మొదలవుతుంది. అప్పుడు సిబ్బంది టీవీ శబ్దం పెంచుతారా, పక్కన కూర్చుంటారా అన్నది చూడాలి.

ఇప్పుడు బాపు అడుగు తడబడుతోంది. అక్కడ నాలుగు మెట్లున్నాయి, ర్యాంపు లేదు. దసరా తర్వాత తీసుకోలేమన్నారు. ఇంటికొచ్చే సహాయకుల కోసం వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోను చేసి అడుగుతున్నాను. నూలు ఉండ మాత్రం ఆయా ఇంటికి పంపించింది.